పిండిన నిమ్మ, ఆవిరి నిమ్మ

చెల్లికి,

అక్క ముందు దీవించి, ఆ తర్వాత పళ్లు కొరుక్కుంటూ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమంగానే ఉన్నాం. మీ బావకు జలుబు తగ్గింది. నా మోకాలి నొప్పి ఎప్పుడూ ఉన్నంతే ఉంది. కొట్టు నడుస్తోంది. అక్కడ నువ్వు క్షేమమా అని అడగాల్సిన పని లేదు. అంత పొగరుగా ఉత్తరం రాయగలిగిన మనిషికి ఒంట్లో నలతగా ఎందుకుంటుంది?

నీ ఉత్తరం సోమవారం అందింది. నువ్వు వెళ్లిన ఏడాదికి వచ్చిన మొదటి ఉత్తరం. చేతిలో ఉన్న గరాటు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని మరీ కవరు చించాను. లోపల చూస్తే ఎనిమిది వాక్యాలు. కరెంటు ఆఫీసు వాళ్లు కూడా ఇంతకంటే ఎక్కువే రాస్తారు. ఎలా ఉన్నావని ఒక వాక్యం. నువ్వు పనిచేసే సబ్బుల కంపెనీలో సెంట్లు కలిపే గదికి నిన్ను పెద్దను చేయబోతున్నారని ఒక వాక్యం. అందుకు పరీక్షగా నాలుగు కాలాలకు నాలుగు నిమ్మజాతి సెంట్లు ఎంచి చూపించమన్నారని, అమ్మ నోట్‌బుక్కు నా దగ్గరే ఉంది కాబట్టి ఏ కాలానికి ఏది రాసి ఉందో పంపమని ఇంకో రెండు. పోయిన ఎండాకాలం మన కొట్లో సెంటు కొన్న ఒకావిడకు మెడ కాలిన సంగతి వాళ్ల చెవిన పడిందని, దాని గురించి పాత కొట్టు నుంచి నెలాఖరులోగా ఉత్తరం రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారని మరో రెండు. "జరిగింది జరిగినట్టు రాయి అక్కా, అంతకంటే ఏమీ వద్దు" అని ఏడోది. అన్నిటికంటే చివర, ఒక లైను వదిలి విడిగా, "ఎండాకాలానికి ఏ నిమ్మ వాడాలో కూడా రాయి" అని ఎనిమిదోది.

ఆ ఎనిమిదో వాక్యం చదివేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎండాకాలానికి ఏ నిమ్మ వాడాలో నీకు తెలియదా? తొమ్మిదేళ్ల వయసులో అమ్మ నీ కళ్లకు గుడ్డ కట్టి నిమ్మ, దబ్బ, బత్తాయి, నారింజ, కమలా, పంపరపనస తొక్కలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెడితే అన్నీ పొల్లుపోకుండా చెప్పినదానివి. పక్కనే పదహారేళ్లదాన్ని నేను దబ్బను పట్టుకుని నిమ్మ అన్నాను. అమ్మ నన్ను ఏమీ అనలేదు. నీ తల నిమిరింది, అంతే. అలాంటిదానివి నన్ను అడుగుతున్నావు. నోట్‌బుక్కు నీకెందుకే? అమ్మ అందులో రాసినదానికంటే నీకు నోటితో చెప్పిందే ఎక్కువ.

అయినా అడిగావు కాబట్టి చెప్తాను. పెద్దదాన్ని కదా, చెప్పాలి. చలికాలంతో మొదలుపెడతాను. నా ఇష్టం.

చలికాలానికి కమలా. ఒట్టి నిమ్మ చలిలో నోరు విప్పదని అమ్మ రాసుకుంది. చర్మం చల్లగా ఉంటే పులుపు వాసన పైకి లేవదు, లేచిన కాస్తా గాలికి పోతుంది. తీపి ఉన్న కమలాకు లవంగం నూనె, కొద్దిగా సాంబ్రాణి బంక తోడిస్తే ఆ రెండూ దాన్ని పట్టుకుని కూర్చోబెడతాయి. స్వెటరు లోపల, మెడ దగ్గర పూసుకోమని చెప్పాలి. ఈ మాట మన పళ్ల డాక్టరుకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, ఆయనకు ఏ కాలమైనా నిమ్మే కావాలి. మొన్నటి చలికాలంలో వాసనే రావట్లేదని సగం సీసా ఒంటి మీద కుమ్మరించుకుని పనిలోకి వెళ్లాడు. వెచ్చటి గదిలో తలుపులేసుకునేసరికి అదంతా ఒక్కసారిగా లేచింది. నోరు తెరిచి కూర్చున్న పేషెంటు తుమ్మితే ఆయన చేతిలోని అద్దం ఎగిరి ఎక్కడో పడిందట. సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇదంతా మీ సెంటు వల్లేనండీ" అన్నాడు. "మీ చెయ్యి వల్ల" అన్నాను. ఈ ఏడాది నాకు ఎవరితోనూ మంచిగా మాట్లాడే ఓపిక లేదు.

వానాకాలానికి పంపరపనస. వాన రోజుల్లో గాలి బరువుగా ఉంటుంది, పూసుకున్న వాసన పూసుకున్నచోటే నిలబడిపోతుంది. అందుకని తీపి పనికిరాదు, మొహం మొత్తుతుంది. నిమ్మ అసలే వద్దు. తడి గోడలు, ఆరని బట్టల మధ్య నిమ్మ వాసన తగిలితే ఇప్పుడే గచ్చు కడిగారా అని అడుగుతారు. పంపరపనసలో ఉన్న చిరుచేదు ఆ ముక్కిన వాసనను విరిచేస్తుంది. దాని కింద వట్టివేరు పిసరంత. పిసరంటే పిసరే. అది నీకు చెప్పక్కర్లేదు. అమ్మ నిన్ను 'పిసరు' అని, నన్ను 'గుప్పెడు' అని పిలిచింది ఊరికే కాదు. నాది పెద్ద చెయ్యి. ఏం పోసినా నాలుగు చుక్కలు ఎక్కువే పడతాయి. కూరల్లో అది చెల్లుతుంది, సెంట్లలో చెల్లదు.

చలి పోయి ఎండ ముదరని ఆ నెలన్నరకు నారింజ పువ్వు, నారింజ ఆకు. ఆ రోజుల్లో పండు జోలికి పోకుండా చెట్టు వాసన ఇవ్వాలని అమ్మ రాసింది. దాని కిందే నీ చేతిరాతతో, పెన్సిల్‌తో, "ఆకు రెండు పాళ్లు, పువ్వు ఒక పాలు. పువ్వు ఎక్కువైతే సబ్బు అవుతుంది" అని ఉంది. అమ్మ పుస్తకంలో దిద్దడానికి నీకు చెయ్యెలా వచ్చిందే? ఆమె తిట్టకపోగా చూసి నవ్వింది, నాకు గుర్తుంది. ఇప్పటికీ నీ కొలత ప్రకారమే కలుపుతున్నాను, అంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు. కళ్లద్దాల కొట్టాయన ఏటా అదే కొంటాడు. నువ్వున్నప్పుడు కొన్నప్పుడల్లా, "చిన్నావిడ కలిపిందే కదండీ?" అని అడిగి మరీ తీసుకునేవాడు. నేను బల్ల దగ్గర నిలబడి, "అవునండీ, మా చెల్లి కలిపిందే" అని నవ్వేదాన్ని. వెనక గదిలో కలిపేది నువ్వు, ముందు గదిలో నింపేదీ అమ్మేదీ నేను. అమ్మ పోయాక మనిద్దరం కూర్చుని అనుకుని పంచుకున్న పనే అది. కానీ ఆ మాట చెప్పి నవ్వీ నవ్వీ నా దవడలు నొప్పి పుట్టాయి.

ఎండాకాలం సంగతి తర్వాత రాస్తాను. తొందరేం లేదు.

వెనక గదిలో కిటికీ పెద్దది చేయించాను. నువ్వు ఎన్నాళ్లో మొత్తుకున్నావు, ఇప్పుడు నేను స్పిరిట్ వాసనకు తల పట్టుకుంటే తెలిసొచ్చింది. మీ బావ లేబుళ్లు ఇంకా వంకరగానే అంటిస్తున్నాడు. నీ ఉత్తరం ఆయనా చదివాడు. చదివి, "ఆ ఆఖరి లైను ఎందుకు రాసిందంటావు?" అని అడిగాడు. పొడుపు కథలు విప్పే తీరిక నాకు లేదన్నాను. ఆయన ఉత్తరం మడిచి పెట్టి లేబుళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన మాట్లాడకపోతే నాకు ఇంకా ఒళ్లు మండుతుందని ఇరవై ఏళ్లుగా తెలిసీ మాట్లాడడు.

కంపెనీకి నువ్వడిగిన ఉత్తరం రాయడం నాకు పెద్ద కష్టం కాదనుకున్నాను. జరిగింది కొట్టు నిండా జనం చూసిందే కదా. ఈత నేర్పే ఆవిడ ఆ సాయంత్రం వచ్చేసరికి నా ముందు అయిదారుగురున్నారు. మెడకు చుట్టుకున్న రుమాలు విప్పి చూపించింది. చెవి కింది నుంచి భుజం దాకా, సెంటు జారిన దారిలోనే, నాలుగు చారలు ఎర్రగా పొంగి ఉన్నాయి. ఒకచోట బొబ్బ చితికింది.

"రోజంతా కొలను గట్టున ఎండలో నిలబడేదాన్నండీ. పిల్లల తల్లులు ఇదేదో అంటుకునే జబ్బని పిల్లల్ని నీళ్లలోకి దింపడం మానేశారు. నిన్న ముగ్గురే వచ్చారు" అందావిడ. గొంతు పెంచలేదు. అదే ఇంకా కష్టంగా ఉండింది.

నేను నిన్ను వెనక గదిలోంచి కేకేసి పిలిచాను.

"ఏ డబ్బాలోది పోశావే?"

"ఆవిరి నూనే అక్కా, ఎండలో చర్మం కాల్చనిదే."

"అయితే ఆవిడ మెడ అబద్ధమాడుతోందా?"

నువ్వు ఆవిడ తెచ్చిన సీసా అడిగి తీసుకున్నావు. మూత తీసి వాసన చూశావు. నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నావు. నేను ఆగలేదు. ముక్కు ఉంటే సరిపోదు, బుద్ధి ఉండాలన్నాను. మెచ్చుకునేవాళ్లు ఎక్కువయ్యేసరికి కళ్లు నెత్తికెక్కాయన్నాను. అమ్మ పేరు మట్టిలో కలిపావన్నాను. పళ్ల డాక్టరు, కళ్లద్దాల కొట్టాయన చేతుల్లో సీసాలు పట్టుకుని వింటూ నిలబడ్డారు. నువ్వు ఏప్రాను విప్పి, మడిచి, మేకుకు తగిలించావు. నాలుగో రోజు పెట్టె సర్దుకుని బస్సెక్కావు. ఆ నాలుగు రోజులూ అన్నం తిన్నావా అంటే తిన్నాననడం తప్ప నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

మాట్లాడకుండా వెళ్లిపోయినవాళ్లదే తప్పని జనం అనుకున్నారు. అనుకోనిచ్చాను.

సరే, మంగళవారం కొట్టు తెరవకముందే కూర్చుని కంపెనీకి రాశాను. వాళ్లకు అర్థం కావాలని మొదటి నుంచీ చెప్పాను. మా కొట్లో నిమ్మనూనె రెండు డబ్బాల్లో ఉంటుంది, తొక్క పిండి తీసింది ఒకటి, ఆవిరి పట్టి తీసింది ఒకటి, పిండిన దానికి అప్పుడే కోసిన పండు వాసన, ఆవిరి దానికి అంత జోరు ఉండదు, అయితే పిండినది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కి నల్లటి మచ్చలు మిగులుతాయి, అందుకని ఎండాకాలం సెంట్లలో ఆవిరి నూనే వాడతాం అని రాశాను. ఆ తర్వాత ఇలా రాశాను: "మా చెల్లెలు పొరపాటున ఒక డబ్బాకు బదులు ఇంకో డబ్బా వాడింది. ఏదో చిన్నతనం. పిల్ల మంచిది, పనిమంతురాలు. పెద్ద మనసుతో మన్నించి ఆ పని ఆమెకే ఇవ్వాలని కోరుతున్నాను."

రాసి చదువుకుంటే నా మంచితనానికి నాకే కళ్లు చెమర్చాయి. నిజం చెప్తున్నాను, చెమర్చాయి. చూశావా, అంత అవమానం చేసి పోయిన చెల్లెల్ని కూడా ఎలా కడుపులో పెట్టుకుంటున్నానో అనుకున్నాను. మీ బావకు చూపించాను. ఆయన చదివి, "బాగానే ఉంది. ఏ తేదీన కలిపిన సరుకో కూడా వెయ్యి, కంపెనీ వాళ్లు అడుగుతారు" అన్నాడు.

తేదీ కోసం మచ్చు సీసాల అలమారా తెరిచాను. కలిపిన ప్రతి సరుకులోంచి బొటనవేలంత సీసాడు తీసి తేదీ వేసి దాచడం నీ పని కదా. నువ్వు వెళ్లాక ఆ అలమారా నేను ఎన్నడూ తెరవలేదు. ఎందుకు తెరవలేదో అప్పుడు అడిగితే మోకాలి నొప్పి అనేదాన్ని, అది కింది అరలో ఉంటుంది కాబట్టి. దుమ్ము దులుపుకుంటూ పోయిన ఎండాకాలం వరసకు వచ్చాను. ఆ సెంటుకు ఒక మచ్చు సీసా ఉండాలి. రెండున్నాయి, పక్కపక్కన, ఒకే దారంతో కట్టి. ఒకదాని మీద కలిపిన తేదీ వేసి, "నేను కలిపింది" అని రాసి ఉంది. రెండోదాని మీద ఈత నేర్పే ఆవిడ వచ్చిన రోజు తేదీ. "ఆవిడ సీసాలోది. అక్క చెయ్యి పడ్డాక."

మూతలు తీసి చూడాల్సిన అవసరం లేదు. చూశాను. మొదటిది మెత్తగా, నిదానంగా, నీలాగే ఉంది. రెండోది ఏడాదైనా గట్టిగా అరుస్తోంది. దబ్బకూ నిమ్మకూ తేడా తెలియని నా ముక్కుకు కూడా ఆ తేడా తెలిసింది.

నీకు తెలుసు. ఆ రోజు మూత తీసిన మరుక్షణం నుంచీ తెలుసు. తెలిసీ తల దించుకున్నావు. తెలిసీ ఏప్రాను మడిచి తగిలించావు. నన్ను ఆ అరలో పెట్టి తలుపేసి వెళ్లావు. ఏడాదిగా నేను ఆ అలమారా ముందు నుంచే రోజూ నడుస్తున్నాను. ఎంత కోపం వచ్చిందంటే ఆ రెండు సీసాలూ గోడకేసి కొడదామని చెయ్యెత్తాను. మీ బావ వచ్చి నా చెయ్యి పట్టుకోలేదు, గుమ్మంలో నిలబడి చూశాడంతే. నేనే దించాను.

నాకు ఆ క్షణం దాకా తెలియదని రాద్దామనుకున్నాను. పొరపాటున పడిందని, గుర్తులేదని. రెండు కాగితాలు చించేశాను. ఇప్పుడు రాసేది చదువు.

నువ్వు ఎండాకాలం సరుకు కలిపి జాడీలో పోసి పెట్టిన మర్నాడు పొద్దున, కళ్లద్దాల కొట్టాయన వచ్చాడు. "ఎండలకు ఏదైనా కొత్తది ఇవ్వండి, చిన్నావిడ కలిపిందే" అన్నాడు. నా దగ్గర అప్పటికే నింపిన మూడు రకాలున్నాయి, అందులో ఒకటి పూర్తిగా నేను కలిపింది. అది చేతిలోకి తీసుకుని వాసన చూసి, మొహమాటానికి బాగుందని కింద పెట్టేశాడు. ఆయన వెళ్లాక నేను వెనక గదిలోకి వెళ్లి నీ జాడీ మూత తీశాను. నువ్వు బజారుకెళ్లావు. చప్పగా ఉందనిపించింది. చప్పగా లేదు. ఉండాల్సినట్టే ఉంది. కానీ నాకు చప్పగా ఉండాలనిపించింది. పిండిన నూనె డబ్బా తీసి రెండు గరిటెలు పోశాను. గుప్పెడు చెయ్యి కదా. గుప్పుమంది. ఇప్పుడు ప్రాణం వచ్చిందనుకున్నాను. జనం మెచ్చుకున్నాక, ఇది మా చెల్లి కలిపిందే కానీ సరిచేసింది నేనండీ అని చెబుదామని, ఆ మాట అద్దం ముందు అని కూడా చూసుకున్నాను.

ఎండ మాట నాకు గుర్తు రాలేదు. ఇదొక్కటి మాత్రం నిజం. ఆ పొద్దున మబ్బు పట్టి ఉంది, తలుపు తెరిస్తే చల్లగాలి వస్తోంది, నా చేతుల మీద చలి ముళ్లు లేచాయి. కలిపే రోజు గాలి చూడకు, పూసుకునే రోజు ఎండ చూడు అని అమ్మ నోట్‌బుక్కు మొదటి పేజీలోనే రాసుకుంది. కాలానికో సెంటు అమ్మే కొట్లో పుట్టి, ఇరవై ఏళ్లు ఆ బల్ల వెనక నిలబడి, నేను ఆ పొద్దుటి మబ్బుకు సెంటు కలిపాను.

ఆవిడ రుమాలు విప్పిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది. నిన్ను పిలిచింది తెలిశాకే. ఏ డబ్బాలోది పోశావే అని అడిగింది తెలిశాకే. నువ్వు ఆవిరి నూనె అని నిజం చెబుతావని తెలుసు, ఆ నిజం నీ మీదికే తిరుగుతుందనీ తెలుసు. ఆ సాయంత్రం నువ్వు నీ గదిలో ఉండగా మిగిలిన తొమ్మిది సీసాలూ తూములో పారబోశాను. ఆ తర్వాత ఏడాదంతా చెప్పుకుంటూ వచ్చాను, చెల్లి పొరపాటని, చిన్నతనమని. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. రోజూ చెప్పుకుంటే అబద్ధం కూడా ఇంట్లో మనిషిలా తిరుగుతుంది. చివరికి నేనే నమ్మేసి, నిన్ను మన్నించమని కంపెనీకి ఉత్తరం రాసే దాకా వచ్చాను.

నిన్న ఈత నేర్పే ఆవిడ దగ్గరికి వెళ్లాను. కొలను గట్టున చెట్టు నీడలో నిలబడి పిల్లలకు కాళ్లు కొట్టడం నేర్పుతోంది. ఇప్పుడు పదకొండుమంది వస్తున్నారు. మెడ మీద చారలు చామనఛాయలో కలిసిపోయాయి, తెలిసినవాళ్లు చూస్తే తప్ప తెలియదు. నేను మొత్తం చెప్పాను. గట్టు మీద నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆవిడ ఈల నోట్లోంచి తీసింది.

"మీ చెల్లెలు ఆ నాలుగు రోజులూ పొద్దునా సాయంత్రం మా ఇంటికొచ్చి చల్లటి నీళ్లలో గుడ్డ ముంచి నా మెడకు పెట్టిందండీ. తప్పు తనదేనని చెప్పింది. ఇప్పుడు మీరొచ్చి మీదంటున్నారు. ఇంతకీ మీ ఇద్దరిలో అబద్ధమాడింది ఎవరు?"

"ఇద్దరమూనండీ. అది నాలుగు రోజులు ఆడింది, నేను ఏడాది ఆడాను" అన్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. మన్నించాననీ అనలేదు. "పిల్లలు నీళ్లలో ఉన్నారు, నేను అటు చూసుకోవాలి" అని ఈల నోట్లో పెట్టుకుంది. అది సరైన మర్యాదే. అంతకంటే ఎక్కువ నాకు రాకూడదు.

ఆవిడ ఇంటికి వెళ్తున్నావని నాకు చెప్పలేదు నువ్వు. అన్నం తిన్నావా అంటే తిన్నానన్నావు. నా తప్పు నీ మీద వేసుకోమని నిన్నెవరడిగారే? నువ్వు ఆ రోజు ఆ కొట్లో, ఆ అయిదారుగురి ముందు, "అక్కా, ఇందులో నువ్వేం పోశావు" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నేను చచ్చినట్టు ఒప్పుకునేదాన్ని. లేదా నేను బొంకితే నువ్వు నా మొహం మీద ఆ సీసా పెట్టేదానివి. ఇద్దరం జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం. రెండు రోజులు మాటలుండేవి కావు, మూడో రోజు నువ్వు నా మోకాలికి మందు రాస్తూ సణిగేదానివి. అలా కాకుండా నీ పరువు నాకిచ్చేసి, నా పాపం నువ్వు మోసుకుపోయావు. ఇంత పెద్ద మనసు నా ఇంట్లో నాకు చెప్పకుండా పెట్టుకోవడానికి నువ్వెవరు? ఈ ఏడాది నేను నిన్ను తలుచుకుని తిట్టని రోజు లేదు. ఆ తిట్లన్నీ నాకే తగలాల్సినవని తెలిసే తిట్టాను. అయినా నీ మీద కోపం పోలేదు. ఇప్పుడు కూడా పోలేదు.

ఈ పొద్దున కంపెనీకి కొత్త ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. జరిగింది జరిగినట్టు, అంతకంటే ఏమీ లేదు. పేరూ నాదే, సంతకమూ నాదే. ఆ రెండు మచ్చు సీసాలను దూదిలో చుట్టి అందులోనే పెట్టాను. రెండోదాన్ని వాళ్ల పరీక్షల గదిలో చూసుకుంటే ఏది కలిసిందో తెలిసిపోతుంది. మొదటిదాని మీద నేను ఒక చీటీ అంటించాను, ఎండాకాలానికి నా చెల్లెలు ఎంచిన సెంటు ఇదేనని. ఆ ఎనిమిదో వాక్యం ఎందుకు రాశావో ఇప్పుడు తెలిసింది, నువ్వడిగినదానికి జవాబూ అదే. ఎండాకాలానికి నిమ్మే, ఆవిరి నూనెదే, నువ్వు కలిపినట్టుగానే. అందులో సరిచేయాల్సింది ఏమీ లేదు. ఆ పొద్దున కూడా లేదు.

ఇంకొక్క సంగతి. ఆ రోజు విన్నవాళ్లలో ఇప్పటికీ కొట్టుకు వచ్చేది పళ్ల డాక్టరు, కళ్లద్దాల కొట్టాయనే. వాళ్లకు నేను చెప్పలేదు. భయపడి కాదు. నేను చెబితే, చూడండి ఎంత నిజాయితీగా ఒప్పుకుందో అని వాళ్లు నన్నే మెచ్చుకుంటారు, ఆ మంగళవారం ఉత్తరం రాసుకుని కళ్లు తుడుచుకున్న ఆడదాన్నే మళ్లీ నేను అవుతాను. అది నాకు వద్దు. వాళ్లకు నువ్వు చెప్పాలి. కంపెనీలో సెలవడిగి ఒక్కరోజు రా. ఉండమని బతిమాలను, నీ పని నీకుంది, దానికి నువ్వే తగినదానివి. వచ్చి కొట్టు మధ్యలో నిలబడి, నన్ను వెనక గదిలోంచి కేకేసి పిలిచి, ఏ డబ్బాలోది పోశావు అక్కా అని అడుగు.

వాళ్లిద్దరూ సాయంత్రం అయిదు ప్రాంతంలో వస్తారు. కొట్టు నిండుగా ఉండేదీ అప్పుడే, ఆ వేళకు దిగేలా బస్సు చూసుకో. ఆ రోజు నేను నిన్ను అన్న మాటలన్నీ వరసగా నాకు గుర్తున్నాయి. నన్ను అనేటప్పుడు వాటిలో ఏదైనా నువ్వు మరిచిపోతే నేనే అందిస్తాను.

ఇట్లు,
నీ తోడబుట్టిన
అక్క